ఏమీ వేయని గిన్నెలో

జనవరి 9

పిన్నీ,

ఫోన్లో అయితే పోట్లాట ఐదు నిమిషాల్లో అయిపోతుంది, కాగితం మీదైతే తీరిగ్గా పోట్లాడుకోవచ్చని ఈ ఉత్తరాల ఒప్పందం పెట్టింది నువ్వే. అందుకని ముందు తిట్లు. మొన్న మా లాబ్‌కొచ్చి రక్తం ఇచ్చి వెళ్లావు కదా, సూది గుచ్చే నర్సుకి "క్లచ్ వదిలినట్టు నెమ్మదిగా వదులమ్మా" అని పాఠం చెప్పావట. ఆవిడిప్పుడు వరండాలో నేనెదురైతే చాలు, క్లచ్ ఎలా ఉందని అడుగుతోంది. డ్రైవింగ్ స్కూలు నడిపేదానివి, ఆ స్కూల్లోనే నడుపుకోవచ్చు కదా!

నీ రక్తంతో ఏం చేస్తున్నానో విడమరిచి రాయమన్నావు. హెర్పిస్ కుటుంబంలో ఒక వైరస్ ఉంది. చాలామంది ఒంట్లో అది చప్పుడు చేయకుండా ఓ మూల పడుంటుంది. ఎక్కడో కొద్దిమందిలో మాత్రం కేన్సర్‌కి దారి తీస్తుంది. అందరిలోనూ ఉన్నది కొందరినే ఎందుకు పట్టుకుంటుందన్నది ఇంకా పూర్తిగా తేలని సంగతి. ఈ వైరస్‌లో రకాలున్నాయి. మా దగ్గర రెండు పెంచుతున్నాం. ఒకటి, ఉత్త జ్వరం వచ్చి తగ్గిపోయిన మనిషి నుంచి తీసింది. దానికి నేను బుద్ధిమంతుడని పేరు పెట్టాను. రెండోది ముక్కు వెనక గడ్డ లేచిన మనిషి నుంచి తీసింది. వాడు తుంటరి.

నీ రక్తంలోంచి ఒక రకం తెల్లకణాలు వేరు చేసి మూడు గిన్నెల్లో పోశాను. ఒక గిన్నెలో బుద్ధిమంతుణ్ణి వేశాను, ఒక గిన్నెలో తుంటరిని వేశాను. మూడోదాంట్లో ఏమీ వేయలేదు, అది పోల్చి చూసుకోవడానికి. బుద్ధిమంతుడు కణంలో దూరి, దాన్ని చావనివ్వకుండా పెంచుతూ, తాను మాత్రం నోరెత్తకుండా కూర్చుంటాడు. తుంటరి అలా కాదు, కొన్నాళ్లు ఊరుకుని ఉన్నట్టుండి కణం నిండా తనలాంటివాళ్లనే వేలకు వేలు తయారుచేసి, దాన్ని బద్దలుకొట్టుకుని బయట పడతాడు. ఒక్కొక్కరూ ఎంత గోల చేస్తారో లెక్క కట్టడం నా పని. ఏ గిన్నె మీదా నీ పేరుండదు. నువ్వు ఏడో నంబరు దాతవి, అంతే.

నాన్నని అడిగానని చెప్పు.

నీ పిడుగు

*

జనవరి 21

ఒసే పిడుగా,

నేను ఏడో నంబరా? ఆరుగురి తర్వాతా? పాతికేళ్లుగా నీ జడలు వేసి, పేలు చూసి, నీకు రివర్స్ గేరు నేర్పినదాన్ని పట్టుకెళ్లి ఏడోదాంట్లో కూర్చోబెట్టావా? నీ చదువు తగలెయ్య.

ఆ నర్సు సంగతంటావా, ముందు మొదలుపెట్టింది ఆవిడే. "మీ అమ్మాయా? పోలికే లేదు" అంది. "వాళ్ల నాన్నకి రెండో భార్యని, ఈ పిల్లకి మొదటి శత్రువుని" అన్నాను. అంతే, సూది ఒక్కసారిగా దించేసింది. అప్పుడే క్లచ్ మాట చెప్పాల్సొచ్చింది.

నా కణాలు చావవు అని రాశావు చూడు, అక్కడ ఆగి మీ నాన్నకి గట్టిగా చదివి వినిపించాను. ఆయన పేపరు దించి, "అవి మాట్లాడవు కదా?" అన్నాడు. రోజుకి రెండు మాటలు మాట్లాడే మనిషి, ఆ రెండూ ఇలాంటివే.

నా దగ్గర నేర్చుకునేవాళ్లందరికీ చెప్పాను. ఒక బ్యాంకు మేనేజరు వస్తున్నాడు, వీధి చివర కుక్క కనిపిస్తే ఇక్కడ బ్రేకు తొక్కే రకం. "నా ప్రాణం ఎక్కడో గిన్నెలో భద్రంగా ఉంది, నువ్వు ఎక్కడ గుద్దినా నాకేం కాదు" అన్నాను. ఆరోజు మొదటిసారి మూడో గేరు దాకా వెళ్లాడు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. నీ ఒంట్లో రక్తం లేదా? ఊళ్లోవాళ్లనీ నన్నూ గుచ్చే బదులు సొంతది వాడుకోవచ్చుగా, పిసినారిదానా!

నీ మొదటి శత్రువు

*

ఫిబ్రవరి 4

పిన్నీ,

పిసినారితనం కాదు, నియమం. ఈ వైరస్‌తో పనిచేసేవాళ్లు తమ సొంత కణాల్ని గిన్నెలో పెంచకూడదు. పొరపాటున సూది గుచ్చుకుని ఆ మారిపోయిన కణాలు ఒంట్లోకి వెళ్తే? వేరేవాళ్ల కణాలైతే ఒళ్లు పట్టుకుని బయటికి గెంటేస్తుంది. మన కణాలే అనుకో, "మనవాళ్లేలే, రానీ" అని తలుపు తీస్తుంది. అదీ ప్రమాదం.

ఇక నీ గిన్నెల వార్తలు. బుద్ధిమంతుడి గిన్నెలో నీ కణాలు గుంపులు గుంపులుగా చేరాయి, పుకారు పుట్టిన వీధిలో జనంలాగా. గోల మాత్రం లేదు. తుంటరి గిన్నెకి రంగు వేసి చూస్తే, కణం బద్దలు కొట్టే పనిలో ఉన్నవి పచ్చగా వెలుగుతాయి. నేనూహించినదానికన్నా ఎక్కువే వెలిగాయి. ఏడుగురు దాతల్లోనూ ఇదే తీరు. అంటే గోల కణాలది కాదు, ఆ రకానిదే అన్నమాట. మా మేడమ్ మైక్రోస్కోపులోంచి తల తిప్పకుండా "బాగుంది" అంది. ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే నా పేరు మొదట పడే వ్యాసం ఇదే కావచ్చు. నాకైతే కాళ్లు నేలమీద ఆనడం లేదు.

నీ పిడుగు

*

మార్చి 2

పిన్నీ,

తొందరలో రాస్తున్నా. నేనేమీ వేయని నీ మూడో గిన్నెలో కూడా కణాలు గుంపులు కట్టి పెరుగుతున్నాయి. అందులోనూ వైరస్ ఉంది. కొంప మునిగింది. నీ రక్తం ఇంకోసారి కావాలి, వీలైనంత త్వరగా రా. వివరాలు తర్వాత.

కంగారు పడకు.

పిడుగు

*

మార్చి 10

చిరంజీవి అమ్మాయికి ఆశీర్వదించి రాయునది,

ఉత్తరం అందింది. ఇప్పట్లో రావడం కుదరదు. పరీక్షల కాలం, లైసెన్సు కోసం ఎగబడుతున్నారు. ఒకావిడ రోజూ కారు ఎడం అద్దం గోడకి ఒప్పజెప్పి వస్తోంది, దాని సంగతి చూడాలి.

ఇక్కడ అంతా మామూలే. మీ నాన్నకి చొక్కాలు ఇస్త్రీ చేసుకోవడం నేర్పిస్తున్నాను. కాలరు దగ్గర తడబడుతున్నాడు కానీ పరవాలేదు, వస్తుంది. కారు కాగితాలు బీరువా పై అరలో నీలం సంచిలో ఉన్నాయి. ఎందుకో చెప్పాలనిపించి చెప్తున్నా. నేర్పడానికి నా వైపు పెట్టించిన ఆ రెండో బ్రేకు తీయించేస్తే కారు మంచి ధరకే పోతుంది. అమ్మకుండా నువ్వే ఉంచుకుంటే ఇంకా మంచిది.

వేళకి తిను. అనవసరంగా నా గురించి ఆలోచించకు.

ఇట్లు,
పిన్ని

*

మార్చి 17

పిన్నీ,

"చిరంజీవి అమ్మాయి" ఎవరు? ఆవిడకి రాసిన ఉత్తరం పొరపాటున నాకొచ్చింది.

ఇక్కడ నా నెత్తిన పిడుగు పడితే నువ్వు ఇస్త్రీ గురించి రాస్తావా! సరే, విను. ఏమీ వేయని గిన్నెలో వైరస్ కనబడితే మేడమ్‌కి తట్టేది ఒకటే. నేను అజాగ్రత్తగా ఒకే గొట్టంతో అన్ని గిన్నెలూ తడిమానని, తుంటరో బుద్ధిమంతుడో అందులో ఒలికారని. అదే నిజమైతే ఏ గిన్నెలో ఎవరున్నారో నమ్మలేం. నేను కళ్లు కాయలు కాచేలా లెక్కపెట్టిన పచ్చకణాలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. ఈ పని నా దగ్గర్నుంచి తీసేసి పక్క బల్లాయనకి ఇస్తారు. ఆయన అప్పుడే నా సొరుగు తెరిచి, తన చేతితొడుగుల డబ్బా అందులో పడుతుందో లేదో పెట్టి చూసుకున్నాడు.

నేను ఒలకబొయ్యలేదు పిన్నీ. నా చెయ్యి నాకు తెలుసు. మిగిలిన దారి ఒకటే. ఆ వైరస్ నీ రక్తంతోపాటే వచ్చి ఉండాలి. అది నిరూపించాలంటే నీ నుంచి మళ్లీ తీసి పోల్చి చూపించాలి. వేరే గతి లేదు.

నిన్నెప్పుడైనా ఏదైనా అడిగానా? అడిగాను, చాలాసార్లు అడిగాను, అన్నీ ఇచ్చావు. ఇప్పుడు ఒక్క పూట తీరిక లేదా? చాలా బాధగా ఉంది, దాచుకోను.

పిడుగు

*

మార్చి 25

ఒసే పిడుగా,

తీరిక లేక కాదే. ధైర్యం లేక.

నువ్వేమీ వేయని గిన్నెలో పెరిగిందంటే అది నాతోనే వచ్చిందని తెలుసుకోవడానికి నాకు మైక్రోస్కోపు అక్కర్లేదు. నువ్వు వివరాలు తర్వాతన్నావు, నేను వివరాలన్నీ అప్పుడే ఊహించేసుకున్నాను. కేన్సర్ వైరస్. నాలో. పైగా "కంగారు పడకు" అని ఒకటి! ఆ మాట రాయకపోతే పడకపోయేదాన్నేమో.

ఆరోజు నుంచి నా గ్లాసు వేరు, నా కంచం వేరు. పక్కింటి చంటివాణ్ణి ముద్దు పెట్టుకోవడం మానేశాను, వాళ్లమ్మ నాకేదో కోపం వచ్చిందనుకుని నాతో మాట్లాడటం మానేసింది. కారులో అద్దాలన్నీ దించి నేర్పుతున్నాను, బ్యాంకు మేనేజరుకి జలుబు చేసింది. మీ నాన్నకి చెప్తే "నీకేం కాలేదు" అన్నాడు. ఆయన మాటకేం, వంటింట్లో మంటలు లేచినా అదే అంటాడు. నా గ్లాసు వేరుగా పెట్టుకుంటే ఆయన కావాలని అందులోనే తాగుతున్నాడు. కడగలేక చస్తున్నాను.

నా ఒక్కదానిదే అయితే ఈ భయాన్ని దిగమింగేదాన్ని. కానీ నీ చిన్నప్పుడు నువ్వు వదిలేసిన పాలు పారబొయ్యడం ఎందుకని నేను తాగేదాన్ని. నేను తింటుంటే నా కంచంలో ముద్ద నువ్వు లాక్కునేదానివి. ఒకే చెంచా, ఒకే సీసా. నువ్వు ఇంకోసారి పరీక్ష అంటే నాకు వినిపించింది ఒక్కటే, నేను నీకు దీన్ని అంటించానని తేలుతుందని. అది నాకు తెలియకూడదనుకున్నాను. నీ పని పోతుందని తెలిసి ఉంటే అద్దం పగిలిన కారులోనైనా వచ్చేదాన్ని.

ఇప్పుడు చెప్పు. ఎప్పుడు రాను?

పిన్ని

*

ఏప్రిల్ 1

నా పిచ్చి పిన్నీ,

నేనొక మూర్ఖురాలిని. ఆ నాలుగు ముక్కల ఉత్తరం పంపిన చేతిని కొట్టుకున్నాను. ఇప్పుడు కుదురుగా కూర్చుని చదువు, నాన్నకి గట్టిగా వినిపించు.

నీకు కేన్సర్ లేదు. నీ గిన్నెలో కనబడింది కేన్సర్ కాదు, వైరస్. ఈ వైరస్ పెద్దవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందిలో ఉంటుంది. ఆ బ్యాంకు మేనేజరులో ఉంటుంది, మా మేడమ్‌లో ఉంటుంది, నా సొరుగు కొలిచిన పక్క బల్లాయనలో ఉంటుంది. ఎక్కువమందికి జన్మలో దానివల్ల ఏమీ రాదు. నీ ఒంట్లో దాన్ని కాపలా కాసే కణాలున్నాయి. అది తల ఎత్తితే నెత్తిన ఒకటి వేసి కూర్చోబెడతాయి. మరి గిన్నెలో ఎందుకు పెరిగిందంటావా? నేను వేరు చేసినప్పుడే కాపలా కణాలు చాలావరకు బయట ఉండిపోయాయి, మిగిలిన కాసినీ నా పనికి అడ్డమని మందేసి పడుకోబెట్టాను. కాపలావాళ్లు పడుకుంటే ఎవరైనా లేస్తారు. గిన్నెలో పోసిన చుక్కలో అది దాగున్న కణం పడాలి అంతే, మిగతా ఆరుగురి చుక్కల్లో పడలేదు, నీ చుక్కలో పడింది. ఇప్పటికీ బెంగ తీరకపోతే మన డాక్టరు దగ్గరికెళ్లి అడుగు, కానీ ఈ ఉత్తరం కూడా తీసుకెళ్లు, నీ మాటల్లో చెప్తే ఆయన కూడా కంగారు పడతాడు.

నాలోనూ ఉంది. నా ఉమ్మి పరీక్ష చేసుకున్నాను. సొంత కణాల్ని పెంచకూడదు కానీ, ఉమ్మిలోని వైరస్ జన్యువుల రాతని చదవొచ్చు. ప్రతి రకానికీ తన రాత వేరుగా ఉంటుంది. ఈ వైరస్ మనుషులకి ఎక్కువగా ఉమ్మితోనే వస్తుంది. కంచాలూ గ్లాసులూ సరే, ఇంకోటి మర్చిపోయావు. అమ్మ పోయాక నాన్న నిన్ను తీసుకొచ్చిన కొత్తలో నీ చేతి అన్నం తిననని గోడకి తిరిగి కూర్చునేదాన్నట. నువ్వు ఒక్క పిప్పరమెంటు బిళ్ల కొంగులో చుట్టి, పంటితో పటుక్కున కొరికి, "కాకెంగిలి, ఎంగిలి కాదు" అని సగం నా నోట్లో పెట్టావు. ఆ కొంగు వైరస్‌ని ఆపలేదు పిన్నీ. నా మొండితనాన్ని కూడా ఆపలేదనుకో, కానీ ఆ తర్వాత అన్నం తిన్నాను.

మేడమ్‌ని బతిమాలాను. రక్తం అక్కర్లేదు, ఉమ్మి చాలంది. రెండు గొట్టాలు పంపుతున్నా, ఒకటి కారితే ఇంకోటి ఉంటుందని. అరగంట ఏమీ తినకుండా, గీత దాకా ఉమ్మి పంపు. మూడో గిన్నెలో ఉన్నది తుంటరో బుద్ధిమంతుడో అయితే తప్పు నాదే. ఆ ఇద్దరూ కాక, నీ ఉమ్మిలో ఉన్నదే అయితే నేను బతికిపోయాను.

నీ పిడుగు

*

ఏప్రిల్ 12

ఒసే పిడుగా,

ఉత్తరం డాక్టరుకి చూపించాను. ఆయన చదివి, నవ్వి, నాకేమీ లేదని చెప్పి, తన కూతురికి కారు నేర్పమని ఫీజు కట్టాడు. పక్కింటి చంటివాడి బాకీ ముద్దులన్నీ తీర్చేశాను. వాడు ఏడ్చాడు.

ఉమ్మి పంపాను. అంతలేసి గొట్టం నింపాలంటే మాటలా! మొదటిదాంట్లో నేను. రెండోది ఖాళీగా వెనక్కి పంపడం ఏం మర్యాదని దాంట్లో మీ నాన్న చేత ఉమ్మించాను. ఆయన నోట మాటే రాదు, ఉమ్మేం వస్తుంది? బాల్కనీలో గొట్టం పట్టుకుని పూటంతా కూర్చున్నాడు. చివరికి ఎదురుగా నిలబడి నిమ్మకాయ కోసి చూపించాను. అప్పుడు వచ్చింది.

ఒక్క సంగతి. పార్సిల్ అంటించి పంపేశాక గుర్తొచ్చింది, ఏది ఎవరిదో రాయలేదు. రెండూ ఒకే తీరుగా ఉన్నాయి. నువ్వు చదువుకున్నదానివి, కనిపెట్టు.

పిన్ని

*

మే 20

పిన్నీ,

పేరు రాయని రెండు గొట్టాలు చూసి మేడమ్ నా వంక చూసిన చూపు నీకు చూపించాలి. "ఇది వంశంలోనే ఉందా?" అంది. నీ అదృష్టం, ఉమ్మిలో మనిషి కణాలు కూడా ఉంటాయి, ఆడో మగో తేలిపోతుంది. తేల్చాం.

ఇక ఊపిరి బిగబట్టు. మూడో గిన్నెలో ఉన్నది తుంటరి కాదు, బుద్ధిమంతుడు కాదు. నీ గొట్టంలో ఉన్నదే. అక్షరం పొల్లు పోకుండా సరిపోయింది. నేను ఒలకబొయ్యలేదు! మేడమ్ అందరూ వింటుండగా నా బల్ల దగ్గరికొచ్చి, "నీ చెయ్యి శుభ్రంగానే ఉంది, బుర్రే లేదు. దాతలో ముందే ఏముందో చూసుకోకుండా గిన్నెలో పోస్తారా?" అంది. తిట్టే, కానీ పని నాకే ఉంచింది. పక్క బల్లాయన తన డబ్బా పట్టుకుపోయాడు.

అంతేకాదు, నీ దాన్ని మూడో రకంగా చేర్చుకుని, మిగతా దాతల కణాల్లో వేసి చూశాం. పచ్చగా వెలిగేవి దాదాపు లేవు. బుద్ధిమంతుడికన్నా నోరెత్తని రకం. మా దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా నెమ్మదైన వైరస్ నీదే. నాన్నకి ఫోన్లో చెప్పాను. "గొట్టాలు మారిపోయి ఉంటాయి" అన్నాడు.

ఇంకోటి ఉంది. ఇది వ్యాసంలో రాయను, నీకు రాస్తున్నాను. నా ఉమ్మి రాత కూడా పక్కన పెట్టి చూశాను. నువ్వు నాన్నది కూడా పంపబట్టే ఇది తెలిసింది. నాన్నలో ఉన్నది వేరే రకం. నాలో ఉన్నది నీదే. నా ముక్కు నాన్నదని, గడ్డం అమ్మదని, నడక మేనత్తదని అందరూ పంచేసుకుంటుంటే నువ్వు నవ్వుతూ వంటింట్లోకి వెళ్లిపోయేదానివి. నాకు తెలుసు పిన్నీ, చూసేదాన్ని. ఇది నీ నుంచి వచ్చింది. మన ఇద్దరికే ఉంది. బతికినన్నాళ్లూ పోదు.

నిజాయితీగా చెప్పాలంటే, నా నుంచే నీకు వచ్చి ఉండొచ్చు కూడా. ఎవరు ఎవరికి ఇచ్చారో ఇప్పుడు తేల్చలేం.

నీ పిడుగు

*

మే 29

ఒసే పిడుగా,

ఎవరు ఎవరికి ఇచ్చారో తేల్చలేమని రాశావు. ఏం అక్కర్లేదు, తేలిపోయింది. నేనే ఇచ్చాను. మీ మేడమ్‌కి చెప్పు, ఈ విషయంలో ఎవరితోనైనా వాదిస్తాను. రెండు నెలల కింద నీకు అంటించానేమోనని భయపడి రాకుండా తప్పించుకున్న మాట నిజమే. ఇప్పుడు అది నాది కాదని ఎవడైనా అంటే ఊరుకోను.

నీ ఉత్తరం డ్యూటీకి వెళ్లేముందు వచ్చింది. జేబులో పెట్టుకున్నాను. కొత్తగా చేరిన లెక్కల మాస్టారికి పాఠం, రిటైరయ్యాక సరదాపడి నేర్చుకుంటున్నాడు పాపం. ఆయన సిగ్నలు దగ్గర ఆపాడు. ఎర్రలైటు ఎంతకీ మారదు, ఉండబట్టలేక తీసి చదివాను. ముక్కు, గడ్డం, నడక దాకా చదివి ఇంక ఆగలేకపోయాను. వెక్కి వెక్కి ఏడ్చాను. పాతికేళ్లు పెంచి, నువ్వు నాకు పుట్టలేదన్న బాధ నాకెప్పుడూ లేదని అందరికీ చెప్పుకు తిరిగినదాన్ని. ఉండేది. చాలా ఉండేది.

మాస్టారు హడలిపోయాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి, ముందుకే చూస్తూ, "మేడమ్, బ్రేకు నేను సరిగ్గానే వేశాను కదండీ?" అన్నాడు.

చాలా బాగా వేశారండీ అన్నాను. నిజానికి బండి గీత దాటి నాలుగడుగులు ముందుకెళ్లి ఆగింది.

మీ అమ్మ